జలప్రళయ కథయందలి పాఠభేదములు



మీ యూరి చెఱువు తెగిన రాత్రిని గూర్చి యిద్దఱు వృద్ధుల నడిగితి మనుకొందము. ఒకరు, మూడు దినములు ముసురు పట్టి కురిసిన వానచేతనే కట్ట తెగినదని చెప్పుదురు. రెండవవారు, వాన మాట యటుండగా, ఎగువ చెఱువు ముందుగా తెగి యా నీరు మీద పడుటచేతనే మన కట్ట నిలువలేదని చెప్పుదురు. ఒకరి లెక్కలో ఊరిలో నీరు నిలిచినది వారము దినములు. మఱియొకరి లెక్కలో నెల. వీరిలో ఒకరు బొంకిరని మీరు వెంటనే తీర్పు చెప్పుదురా? చెప్పరు. ఎవ రెచ్చట నుండి చూచిరి, ఎవరు దేనిని ముఖ్యముగా నెంచిరి, ఏ దినము మొదలుకొని లెక్కించిరి అని విచారింతురు. అట్టి విచారణమునే నేడు మిగుల పురాతనమైన యొక కథను గూర్చి చేయుదము.

అది బైబిలునందలి జలప్రళయ కథ. ఆదికాండమున 6వ అధ్యాయము మొదలు 9వ అధ్యాయము వఱకు నది విస్తరించియున్నది. మూలము హీబ్రూ భాష. యూదులకును క్రైస్తవులకును అది పవిత్ర గ్రంథము. నా యీ ప్రసంగము మతబోధయు కాదు, మతఖండనమును కాదు. ఒక గొప్ప గ్రంథమున ఒక మాటకు మఱియొక మాట పొసగనట్లు కనబడినపుడు వివేకవంతులు దాని నెట్లు చదివిరో చెప్పుటయే నా యుద్దేశము.

కథ మీలో పెక్కుర కెఱుకయే. భూమి బలాత్కారముతో నిండెను. నోవహు అను నీతిమంతుని దేవుడు పిలిచి, మున్నూఱు మూరల పొడవు, ఏబది మూరల వెడల్పు, ముప్పది మూరల యెత్తు గల యోడను కట్టుమని యాజ్ఞాపించెను. నోవహు, అతని భార్య, మువ్వురు కుమారులు, మువ్వురు కోడండ్రు, వెరసి యెనమండుగురు జంతువులతోగూడ ఓడ నెక్కిరి. జలములు పర్వతములను ముంచెను. పిమ్మట నోడ అరారాతు కొండలపై నిలిచెను. నోవహు పక్షులను విడిచి నేల యారినదని యెఱిగి వెలుపలికి వచ్చెను. దేవుడు మేఘమున ధనుస్సు నుంచి, ఇక నిట్టి ప్రళయమును రప్పింపనని నిబంధన చేసెను.

ఇక చిక్కు లెచ్చట? మొదటిది జంతువుల సంఖ్య. 6వ అధ్యాయమున ప్రతి జాతినుండి రెండేసి, ఆడు మగ, తీసికొమ్మని యాజ్ఞ గలదు. 7వ అధ్యాయపు మొదటనే, శుద్ధ జంతువులను ఏడేసి, శుద్ధములు కానివానిని రెండేసి, పక్షులను ఏడేసి తీసికొమ్మని వేఱొక యాజ్ఞ గలదు. కొంత దూరము పోగా, శుద్ధములును అశుద్ధములును రెండేసి చొప్పుననే యోడలోనికి పోయినవని యున్నది.

రెండవది దినముల లెక్క. ఒకచోట వాన నలువది పగళ్లు నలువది రాత్రులు కురిసెనని యున్నది. మఱియొకచోట జలములు నూటయేబది దినములు ప్రబలెనని యున్నది.

మూడవది నీరు వచ్చిన తెఱవు. కొన్ని వాక్యములలో అది కేవలము వాన. మఱికొన్నింట అగాధ జలముల యూటలు పగిలి, ఆకాశపు తూములు తెఱవబడినవి. తూము అను మాట చెఱువు క్రింద సేద్యము చేయువారికి వివరింప నక్కఱలేదు. ఆ గ్రంథకర్త దృష్టిలో ఆకాశము పైనొక మహాజలాశయ మున్నది. దానికి తూములు గలవు. అవి యొక్కసారిగా నెత్తబడినవి.

నాలుగవది దేవుని నామము. కొన్ని వాక్యములలో దేవు డనియు, కొన్నింట యెహోవా యనియు కలదు. ఇది తెలుగు బైబిలునందును స్పష్టముగా కనబడును. 7వ అధ్యాయము 16వ వచనమున నీ రెండు నామములు నొక్కచోటనే యున్నవి. జంతువులు దేవుని యాజ్ఞచొప్పున లోనికి వచ్చినవి. తలుపు మూసినవాడు మాత్రము యెహోవా.

ఈ భేదములు నేటివారు క్రొత్తగా కనిపెట్టినవి కావు. గ్రంథమును ప్రాణముతో సమముగా నెంచినవారే వీనిని మొదట గుర్తించిరి. ఫ్రాన్సు దేశమున త్రోయి పట్టణమున 1040 మొదలు 1105 వఱకు జీవించిన రాషీ యను యూద వ్యాఖ్యాత, రెండేసి యనునది తక్కువ పక్షము లెక్క యనియు, శుద్ధ జంతువులు అధికముగా నుండుట నోవహు వెలుపలికి వచ్చి బలి యర్పించుట కొఱకనియు చెప్పెను. దినముల విషయమున ఆయన, నలువది దినముల వాన ముగిసిన పిదపనే నూటయేబది దినములు ప్రారంభమైనవని లెక్కించెను. ఓడ కొండపై నిలిచిన దినమునకును కొండ శిఖరములు కనబడిన దినమునకును నడుమ రెండున్నర నెలలు గలవు. శిఖరము కనబడకయే యోడ దానిపై నెట్లు నిలిచెను? రాషీ నీరు తగ్గిన పరిమాణమును నాలుగు దినములకు మూర చొప్పున లెక్క కట్టి, ఓడ యడుగు పదునొకండు మూరలు నీట మునిగియుండెననియు, కావున శిఖరము నీటి లోపల నుండగనే యడుగు తగిలెననియు నిర్ణయించెను. నది దాటించు పడవ సరంగుల కీ యూహ మిక్కిలి సహజముగా తోచును.

పిమ్మట స్పెయిను దేశమున పుట్టి 1194 మొదలు 1270 వఱకు జీవించిన రాంబాన్ అను మహాపండితుడు రాషీ లెక్కను గౌరవముతోనే త్రోసిపుచ్చెను. రెండవ నెల 17వ దినమున ప్రళయ మారంభమైనది. ఏడవ నెల 17వ దినమున ఓడ నిలిచినది. నడుమ సరిగా నైదు నెలలు. ముప్పది దినముల నెలలైదు కలిపిన నూటయేబది. కావున నలువది దినములు నూటయేబదిలో చేరినవే గాని, వేఱుగా కూడవలసినవి కావని యాయన వాదము. పూర్వులను ఖండించుటకు ధైర్య మెట్లు వచ్చినదనగా, ధర్మశాస్త్రమునకు పెక్కు ముఖములు గలవు గనుక వెదకుట కనుమతి యున్నదని ఆయన చెప్పుకొనెను.

పంచాంగ మెఱిగినవారి కిచ్చట నింకొక రసవత్తరమైన సంగతి గలదు. ప్రళయ మారంభమైనది రెండవ నెల 17వ దినమున. నేల పూర్తిగా నారినది మఱుసటి సంవత్సరము రెండవ నెల 27వ దినమున. అనగా నొక సంవత్సరముమీద పదునొకండు దినములు. ఈ పదునొకండు దినము లేల? మన చాంద్రమాన సంవత్సరము సుమారు 354 దినములు, సౌరమానము 365. ఈ పదునొకండు దినముల వ్యత్యాసమును సరిపెట్టుటకే గదా మన మధిక మాసము నుంచుకొన్నది! చంద్రుని సంవత్సర మొకటి, దానిపై పదునొకండు దినములు, వెరసి సూర్యుని సంవత్సర మొకటి. నోవహు ఓడలో నున్నది సరిగా నొక సౌర సంవత్సరమని రాషీయే చెప్పెను. కాని యిదియు నిర్వివాదము కాదు. చాంద్రమాసములైనచో ఐదు నెలలకు 147 లేక 148 దినములే గాని నూటయేబది రావు. నెలలు ముప్పదేసి దినములైనచో నూటయేబది సరిపోవును గాని, సంవత్సర మంతయు 365 కాక 371 అగును. ఒక లెక్క కుదిరిన మఱియొకటి తప్పును.

మృత సముద్రపు తీరమున కుమ్రాను గుహలలో 1947 మొదలుగా దొరకిన పురాతన గ్రంథములలో ఆదికాండమున కొక చిన్న వ్యాఖ్య గలదు. అది రమారమి రెండువేల సంవత్సరముల నాటిది. దానిని వ్రాసినవారు సంవత్సరమునకు 364 దినములు లెక్కించువారు. వారి పంచాంగము ప్రకారము రెండవ నెల 17 నుండి యేడవ నెల 17 వఱకు 152 దినము లగును. మిగిలిన రెండు దినముల నేమి చేయవలెను? ఆ రెండును నీరు తగ్గిన దినములని యా వ్యాఖ్యాత వ్రాసి సమాధానపఱచెను. అంతేకాక నేల యారిన దినమును 27 అని కాక 17 అని చూపి, ప్రళయము సరిగా నొక సంవత్సరమునకు ముగిసినట్లు తేల్చెను. క్రీస్తుకు పూర్వము గ్రీకు భాషలోనికి చేయబడిన అనువాదమున ఆరంభ దినమే 27గా నున్నది. ఎవరి చేతిలో నున్న ప్రతి వారిది. అందఱును లెక్క సరిపెట్టవలెనని యత్నించినవారే.

ఆ గ్రీకు అనువాదమే వేఱొక చిక్కును తెచ్చినది. నోవహు తాత మెతూషెల. అందఱికంటెను దీర్ఘాయుష్మంతుడై 969 సంవత్సరములు బ్రదికెను. హీబ్రూ పాఠము ననుసరించి యతనికి 187వ యేట లెమెకు, లెమెకునకు 182వ యేట నోవహు పుట్టిరి. నోవహు ఆఱువందలవ యేట ప్రళయము వచ్చెను. కూడిన సరిగా 969. అనగా తాత ప్రళయము వచ్చిన సంవత్సరముననే మరణించెను. గ్రీకు పాఠమునందో, ఆ సంఖ్యలు 167, 188. కూడిన 955. అతని వయస్సు మాత్రము 969 గానే యున్నది. అనగా ప్రళయము తరువాత పదునాలుగు సంవత్సరములు బ్రదికినట్లు! ఓడలో నెక్కినవారు ఎనమండుగురే. వారిలో తాత లేడు. మఱి యతడెచ్చట నుండెను?

ఐదవ శతాబ్దమున అగస్టీను అను క్రైస్తవాచార్యుడు తన దైవనగరమను గ్రంథమున దీనిని దాచక చర్చించెను. ముసలివాడు తన తండ్రి హనోకుతో కూడ వేఱొకచోట నుండెనని కొందఱు చెప్పిన కల్పనను ఆయన యంగీకరింపలేదు. అనువాదములు భేదించినపుడు మూలభాషయందలి పాఠమునే నమ్మవలెనని నిర్ణయించెను. ఆనాడు గ్రీకు అనువాదము దైవప్రేరితమని చాలమంది భావించుచుండిరి. ఆయనయు దాని నెంతో గౌరవించినవాడే. అయినను అంకె తప్పినచోట తప్పినదని యొప్పుకొనెను. దస్తావేజు నకలునకును అసలునకును భేదము వచ్చినపుడు మీరేమి చేయుదురో ఆయనయు నదియే చేసెను.

ఇంతవఱకు చెప్పినది సమన్వయము చేయువారి మార్గము. 1753లో ఆస్త్రూక్ అను ఫ్రెంచి వైద్యుడు వేఱొక మార్గమును చూపెను. ఆదికాండమున దేవుడను నామము గల భాగములను ఒక వరుసగాను, యెహోవా యను నామము గల భాగములను వేఱొక వరుసగాను విడదీసి, మోషే తనకు ముందున్న రెండు ప్రాచీన లేఖనములను చేర్చి యీ గ్రంథమును కూర్చెనని యూహించి, తన పేరు ప్రకటింపక యొక పుస్తకమును అచ్చొత్తించెను. మోషే కర్తృత్వమును కాపాడుటయే యాతని యుద్దేశము. తరువాతి శతాబ్దపు జర్మను పండితులు ఆ దారిని చాల దూరము పోయిరి. వారిలో ముఖ్యుడు వెల్‌హౌజెన్. ఆతని గ్రంథము 1878లో వెలువడినది. వారి మతమున ఈ కథ రెండు పేటలు కలిపి పేనిన త్రాడు. ఒక పేట పాత కథకునిది, రెండవది యాజకులది.

ఈ రెండు పేటలను విడదీసి చదివిన, ముందు చెప్పిన చిక్కులు చాలవఱకు సడలును. కథకుని పేటలో దేవుని పేరు యెహోవా, నీరు వాననీరు, వాన నలువది దినములు, శుద్ధ జంతువులు ఏడేసి, కథాంతమున నోవహు బలి యర్పించును. యాజకుని పేటలో పేరు దేవుడు, నీరు అగాధపు టూటలనుండియు నాకాశపు తూములనుండియు వచ్చును, దినములు నూటయేబది, నెలలును తిథులును ఉండును, జంతువులు రెండేసి మాత్రమే, బలి లేదు. ఏల లేదు? యాజకుల దృష్టిలో శాస్త్రోక్తమైన బలి మోషే కాలమున గుడారము వెలసినపుడుగాని ప్రారంభము కాలేదు. బలి లేనిచోట అధిక జంతువులతో పనిలేదు. మొదటి కథలోనో, ఉన్నది జంటయే యైనచో బలియిచ్చిన క్షణముననే యా జాతి నశించును. కావున ఏడేసి యుండి తీరవలెను. ఈ విధముగా ప్రతి పేటయు తనలో తాను పొసగియున్నది. భేదము పేటల నడుమనే.

పిమ్మట నింకొక సాక్ష్యము నేలనుండి బయలుపడినది. జార్జి స్మిత్ అను ఆంగ్లేయుడు మొదట నోట్ల యచ్చుపలకలను చెక్కు పనివాడు. బ్రిటిషు మ్యూజియమునందలి మట్టి పలకలపైని బాణాగ్రలిపిని తనంతట నేర్చుకొనెను. 1872 డిసెంబరు 3వ తేదీన లండనులోని సభలో, నీనెవె నగరపు శిథిలములలో దొరకిన పలకపై నొక ప్రళయ కథ యున్నదని చదివి వినిపించెను. అది గిల్గమేషు కావ్యములోని భాగము. అందు ఊత్నపిష్తీము అను వృద్ధుడు దేవుని హెచ్చరికచే నోడ కట్టి, జంతువుల నెక్కించి, కొండపై నిలిచి, పావురమును, వానకోవెలను, కాకిని వరుసగా విడిచి, తుదకు బలి యర్పించెను. అచ్చట తుపాను ఆఱు పగళ్లు ఏడు రాత్రులే. దీనికంటెను పాతదైన అత్రహాసిసు కావ్యపు ప్రతులు క్రీస్తునకు పూర్వము 17వ శతాబ్దము నాటివి దొరకినవి. కాబట్టి యూదుల గ్రంథము కూర్పబడుటకు ముందే యూఫ్రటీసు, టైగ్రీసు నదుల నడిమి దేశమున నీ కథ పలువిధములుగా చెప్పుకొనబడుచుండెననుట నిశ్చయము. ఒకే కథ పెక్కు నోళ్ల చెప్పబడినపుడు భేదములు తప్పవు. మత్స్యావతార కథయు శతపథ బ్రాహ్మణమున నొక విధముగను, భారతమున నొక విధముగను, భాగవతమున నొక విధముగను లేదా?

అయితే పేటల సిద్ధాంతమునకును ప్రత్యర్థులు గలరు. కస్సూటో అను ఇటలీ దేశపు యూద పండితుడు, జెరూసలేము విశ్వవిద్యాలయమున బోధించినవాడు, నామభేదము కర్తృభేదమునకు సూచన కాదనియు, సందర్భమును బట్టి యొకే కర్త రెండు నామములను వాడుననియు వాదించెను. 1978లో వెన్‌హామ్ అను ఆంగ్ల పండితుడు కథలోని దినములను వరుసగా పేర్చి చూపెను. ఏడు, ఏడు, నలువది, నూటయేబది. పిమ్మట నూటయేబది, నలువది, ఏడు, ఏడు. పోయిన మెట్లనే తిరిగి దిగినట్లున్నది. ఆ రెండు సగముల నడుమ, దేవుడు నోవహును జ్ఞాపకము చేసికొనెనను వాక్యము నిలిచియున్నది. అనగా కూర్చినవాడు త్రాడు పేనుట తెలియని మూఢుడు కాడు. ఈ వరుస బలవంతముగా కుదిర్చినదని కొందఱందురు. వాద మింకను ముగియలేదు.

వాదము ముగియకున్నను ఒక ప్రశ్న మనకు మిగులును. కూర్చినవానికి రెండునకును ఏడునకును భేదము తెలియదా? నలువదికిని నూటయేబదికిని భేదము తెలియదా? తెలియకుండునా! ఒకదానిని కొట్టివేసిన కథ నున్నగా నుండెడిది. చదువరులకు సందేహము లుండకపోయెడివి. కాని యాతడు కొట్టివేయలేదు. పూర్వులు తన కప్పగించిన సాక్ష్యములు రెండును పూజ్యములే. తన కాలపు సౌకర్యము కొఱకు ఒకరి నోరు మూయుటకు తన కధికారము లేదని యాతడు తలచియుండును. ఈ మాట నేను రుజువు చేయలేను గాని, గ్రంథము యొక్క తీరు నాకట్లు తోచుచున్నది.

తుదకు అన్నిటికంటె గొప్ప వైరుధ్యమును విన్నవించి ముగించెదను. అది అంకెలకు సంబంధించినది కాదు. 6వ అధ్యాయమున యెహోవా, నరుల హృదయమునందలి తలంపులు ఎల్లప్పుడు చెడ్డవే యగుట చూచి సంతాపపడి, వారిని తుడిచివేయుదునని నిశ్చయించెను. 8వ అధ్యాయపు కడపట, ప్రళయము తీరి, బలిధూమము లేచిన వేళ, ఇక నెన్నడును భూమిని శపింపనని పలికెను. కారణము? నరుల హృదయమునందలి తలంపులు బాల్యమునుండియు చెడ్డవి గనుక! ఏ దోషము శిక్షకు కారణమైనదో ఆ దోషమే క్షమకు కారణమైనది. ఇది పొరపాటు కాదు. ఈ రెండు వాక్యములను పేటల సిద్ధాంతము వారును ఒకే కథకునివిగా నెంచుదురు. ఇచ్చట రెండు లేఖనముల కలయిక యని చెప్పి తప్పించుకొన వీలులేదు.

దీని నెట్లు చదువవలెను? నీరు లోకము నంతటిని కడిగినది గాని, నరుని హృదయమును కడుగలేదు. ఓడ నెక్కినవారును అట్టి హృదయముతోనే దిగిరి. నోవహు ద్రాక్షతోట వేసి, త్రాగి మత్తుడై పడియుండుట 9వ అధ్యాయముననే యున్నది. నరుడు మాఱలేదు. శిక్షించువాడే తన మార్గమును మార్చుకొనెను. దండనతో దిద్దబడని దోషమును సహించి, దానితోనే లోకమును నడుపవలెనని యాతడు నిశ్చయించెను. విత్తు కాలమును కోత కాలమును, చలియు ఎండయు, పగలును రాత్రియు నిక మానవని యచ్చట చెప్పబడినది. యోగ్యులకు మాత్రమే ఋతువులు వచ్చునని చెప్పబడలేదు.

ఊరి తగవులు తీర్చు పెద్దల కీ విషయము నాకంటె బాగుగ తెలియును. రెండు సాక్ష్యములు పొసగనపుడు ఒకదానిని త్రొక్కిపెట్టుట సుళువు. రెంటిని విని, ఏది యెందు కట్లు చెప్పబడినదో తెలిసికొనుట కష్టము. దోషిని వెలివేయుట సుళువు. వాడు మాఱడని తెలిసియు వానికి నీటి వంతు నిచ్చుట కష్టము. బైబిలు చదువు అలవాటు గలవారు ఈ నాలుగధ్యాయములను మఱియొకసారి తీరికగా చదువుడు. యెహోవా యను మాట వచ్చినచోట నొక గుర్తును, దేవుడను మాట వచ్చినచోట వేఱొక గుర్తును పెట్టి చూడుడు. చిక్కులను చూచి భయపడవలదు, పరిహసింపవలదు. చిక్కు గలచోటనే మనకు పూర్వులైనవారు ఆగి యాలోచించిరి. మనమును అచ్చటనే కొంతసేపు ఆగుదము.

సెలవు.